ఆగినప్పుడల్లా వేడిగాలి

“వేడి బండిలో లేదు, నీలో ఉంది” అన్నాడు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే.

అప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మెడ పట్టీ మీద పెట్టె నొక్కుతూ, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా ఏసీలోంచి వేడిగాలి వస్తోందని, కదిలి కాస్త స్పీడందుకోగానే మళ్ళీ చల్లబడుతోందని, ఇంజను వేడిని చూపించే ముల్లు కూడా ఆగినచోట మెల్లగా పైకి లేస్తోందని చెప్పాను. అంతా విని ఆయన అన్న మాట అది. సోఫాలో మందులు వేసుకుంటున్న అత్తయ్య నీళ్ళ గ్లాసు దింపి నవ్వింది. “ఆ వయసొచ్చిందిరా దానికి. ఇక కొన్నేళ్ళు ఇంట్లో ఫ్యాన్లన్నీ దానికే కావాలి” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళ కాపురంలో నా మీద వేసిన జోకులకి అందరికంటే ముందు నేనే నవ్వడం నేర్చుకున్నాను. అలా నవ్వితే విషయం త్వరగా ముగిసిపోతుంది.

అత్తయ్య అన్నదాంట్లో అబద్ధం లేదు. కొన్నాళ్ళుగా నా ఒంట్లో ఉన్నట్టుండి ఒక ఆవిరి లేస్తోంది. రొమ్ముల కింద మొదలై మెడ మీదుగా చెవుల దాకా పాకుతుంది. ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ జాకెట్టు వీపంతా తడిసిపోతుంది. ఎదుటివాళ్ళు చూశారేమోనని పైట లాక్కుంటాను. అందుకే మా ఆయన ఆ మాట అన్నప్పుడు గట్టిగా కాదనలేకపోయాను. నిజంగానే నాదేమో, బండి మీదికి తోస్తున్నానేమో అనుకున్నాను. ఇదే నాకు బాగా కోపం తెప్పించే సంగతి. ఎవరో నన్ను నమ్మకపోవడం కాదు, వాళ్ళు నమ్మకపోయిన మరుక్షణమే నన్ను నేను నమ్మడం మానేయడం.

కానీ ఆ బండి రోజూ నడిపేది నేను. మా ఆయన ఆఫీసుకి కంపెనీ బస్సులో వెళ్తాడు. అత్తయ్యని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది, సరుకులు తెచ్చేది, ఊరి మధ్యలోంచి నా ఉద్యోగానికి వెళ్ళి వచ్చేది నేను. రద్దీలో ఆగుతూ కదులుతూ, సగం జీవితం క్లచ్ మీదే గడిపేది నేను. ఆయన ఆదివారం పొద్దున్న ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి వస్తాడు. అప్పుడు ఏసీ వణికించేస్తుంది. “ఎక్కడ వేడి? చూపించు” అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నేను ఉండే చోట ఆయన ఎప్పుడూ లేడు, అంతే.

వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. ఫోర్‌మన్ నా మాటలు సగం విని, “సార్ నంబర్ ఇవ్వండి మేడమ్” అన్నాడు. నా ఎదురుగానే మా ఆయనకి ఫోన్ చేశాడు. గ్యాస్ నింపి, మెయిన్ రోడ్డు మీద రయ్యిన తిప్పి తెచ్చాడు. మళ్ళీ ఫోన్. “ఏం లేదు సార్, ఫస్ట్ క్లాస్‌గా ఉంది. మేడమ్‌ గారికి కాస్త వేడి ఎక్కువ అనుకుంటా.” అవతల మా ఆయన నవ్వు నాకు వినిపించింది. ఆగి ఉన్నప్పుడు చూడమన్నాను కదా అని నేను అడగబోయేలోపు ఫోర్‌మన్ తాళాలు నా చేతిలో పెట్టి ఇంకో బండి వైపు వెళ్ళిపోయాడు. మొగుడి దగ్గరా, మెకానిక్ దగ్గరా ఒకే రకంగా నిలబడిపోయాను, నోరు సగం తెరిచి.

నేను పని చేసేది మందుల గోడౌన్‌లో. చల్లగా ఉంచాల్సిన మందులు దాచే గది బాధ్యత నాదే. అక్కడా ఇదే వరస. ఒకసారి గది వేడెక్కుతోందని చెబితే మా మేనేజరు, “మీరు ఊరికే కంగారు పడతారండీ” అన్నాడు. తర్వాత మరమ్మతుకి వచ్చినవాడు గదిలోకి రానే లేదు, నేరుగా గోడ బయట ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళాడు. దాంట్లో ఫ్యాన్ ఆగిపోయి ఉంది. “గదిని చల్లబరచడమంటే లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోయడమేనండీ. పారబోసే చోట గాలి ఆడకపోతే లోపల ఎంత మిషన్ ఉన్నా దండగే” అని చెప్పాడు. ఆ మాట నాకు అలా గుర్తుండిపోయింది. బండికీ అదే అయ్యుండాలని ఒక రోజు సిగ్నల్ దగ్గర తట్టింది. పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ పని చేసి పెడుతోంది. ఆగినప్పుడు ముందున్న ఫ్యాన్ చెయ్యాలి. అది చెయ్యడం లేదు. అందుకే ఇంజనూ ఏసీ రెండూ ఒకేసారి ఉడుకుతున్నాయి.

ఇంటికొచ్చి చెప్పాను. “ఇప్పుడు మెకానిక్కువి కూడా అయిపోయావా?” అన్నాడు మా ఆయన. ఆ మాటలో వెక్కిరింత కూడా లేదు. అలసట ఉంది. అది వెక్కిరింత కంటే కష్టంగా ఉంటుంది.

ఆ ఆదివారం పక్క ఊళ్ళో ఉన్న మా ఆడపడుచు ఇంటికి భోజనానికి బయల్దేరాం. ఆమెని ఇంట్లో అందరం బుల్లి అంటాం. మా ఆయన నడుపుతున్నాడు, వెనక సీట్లో నేనూ అత్తయ్యా. వెళ్ళేటప్పుడు పొద్దున్నే కదా, రోడ్డు ఖాళీ. ఏసీ చల్లగా కొడుతోంది. “ఇప్పుడేమంటావ్?” అన్నాడు అద్దంలోంచి నన్ను చూసి. అత్తయ్య శాలువా కప్పుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తిరిగొచ్చేటప్పుడు ఎండ మాడ్చేస్తోంది. మా ఊళ్ళోకి వచ్చాక పెద్ద బజారు మొదట్లో బళ్ళన్నీ ఆగిపోయాయి. ముందు ఎక్కడో లారీ అడ్డంగా తిరిగిందట. ముందుకీ వెనక్కీ దారి లేదు. మా ఆయన హారన్ కొట్టాడు. అందరూ కొడుతున్నారు. కాసేపటికి గాలి మారింది. ముందు చల్లదనం పోయింది, తర్వాత గోరువెచ్చన, తర్వాత పొయ్యి ముందు కూర్చున్నట్టు. నేను ముందుకి వంగి ముల్లు చూశాను. సగం దాటింది.

“ఏమండీ, ఏసీ ఆపండి. అద్దాలు దించండి.”

“బయట ఎలా ఉందో చూశావా? అమ్మకి ఎండదెబ్బ తగలాలా?”

“లోపలే ఎక్కువగా ఉంది. ఏసీ వేస్తే ఇంజను ఇంకా వేడెక్కుతుంది. ఆపేసి హీటర్ పెట్టండి, ఇంజను వేడి కొంత ఇటు లాగేస్తుంది.”

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “హీటరా? ఈ ఎండలోనా? మతి ఉండే మాట్లాడుతున్నావా?”

అత్తయ్య పైపెదవి మీద చెమట పేరుకుంది. శాలువా ఎప్పుడో కింద పడేసింది. ఆమె ఊపిరి చప్పుడు నాకు తెలుసు. గుండె ఆపరేషన్ అయ్యాక ఎన్ని నెలలు ఆ చప్పుడు వింటూ ఆమె గదిలో చాప మీద పడుకున్నానో. మామూలుగా పోయే ఊపిరికీ, వెతుక్కుంటూ పోయే ఊపిరికీ తేడా నాకు తెలుసు. ఇప్పుడది వెతుక్కుంటోంది. కాళ్ళ మీద పెట్టుకున్న చేతులు చల్లగా, జిగటగా ఉన్నాయి.

“ఇంజను ఆపండి” అన్నాను.

“ఇదిగో, కదులుతోంది.”

“కదలడం లేదు. ఆపండి.”

“నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా? నన్ను నడపనిస్తావా?”

అప్పుడు నేను తలుపు తీశాను. ఏం ఆలోచించానని అడిగితే చెప్పలేను. ఆయనకి నచ్చజెప్పడానికి ఉన్న సమయం అయిపోయిందని మాత్రం అర్థమైంది. ఇన్నేళ్ళూ నేను ఏ పని చెయ్యాలన్నా ముందు ఆయన్ని ఒప్పించడం ఒక పని, తర్వాత ఆ పని చెయ్యడం రెండో పని. ఈసారి మొదటి పని వదిలేశాను. అత్తయ్య చంకల కింద చేతులు వేసి లేపాను. “ఎక్కడికే?” అంది గాలిలో గాలిలా. “నీడకి అత్తయ్యా. నా మీద వాలండి.” వెనక నుంచి ఆయన కేక. “అమ్మని ఎక్కడికి తీసుకెళ్తున్నావ్?” ఆగిన బళ్ళ మధ్యలోంచి ఇద్దరం పక్కకి తిరిగి నడిచి ఒక కళ్ళజోళ్ళ షాపు మెట్లెక్కాం. షాపావిడ చూసి ఏమీ అడగకుండా కుర్చీ లాగింది, ఫ్యాన్ ఇటు తిప్పింది. అత్తయ్య మెడ వెనక తడిగుడ్డ వేసి, నాలుక మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పోశాను. కొంతసేపటికి ఆమె కళ్ళు నన్ను సరిగ్గా చూశాయి. ఊపిరి వెతుక్కోవడం మానేసింది. “వాడెక్కడ?” అంది.

బయటికి చూస్తే బండి ముందు నుంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. మా ఆయన ఇంజను ఆపి, ఎలాగో బండిని పక్కకి తోయించి, బానెట్ ఎత్తాడు. చుట్టూ పక్కబళ్ళలోంచి దిగిన మగవాళ్ళు. “రేడియేటర్ మూత విప్పండి సార్, నీళ్ళు పోసెయ్యండి, పదండి” అంటున్నాడొకడు. మా ఆయన జేబురుమాలు చేతికి చుట్టుకుంటున్నాడు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. “ముట్టుకోకండి. మరుగుతోంది అది. మీద పడుతుంది” అంటూ వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

“వదులు. అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి.”

“వదలమంటున్నానా?”

“వదలను.”

పెళ్ళయినప్పటి నుంచి ఆయనతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన కళ్ళు షాపు వైపూ, బండి వైపూ, చుట్టూ ఉన్నవాళ్ళ వైపూ తిరుగుతున్నాయి. కోపంతో అనుకున్నాను మొదట. కాదు, భయం. అమ్మకి ఏమైందో తెలియదు, బండికి ఏమైందో తెలియదు, చుట్టూ ఇంతమంది మగవాళ్ళు తనేం చేస్తాడా అని చూస్తున్నారు. ఏదో ఒకటి చెయ్యాలి ఆయన. నా చెయ్యి విదిలించి మూత పట్టుకుని తిప్పాడు. అది కొంచెమే తిరిగింది. బుస్సుమంది. నేను భుజంతో ఆయన్ని పక్కకి తోశాను. మూత అంచు నుంచి ఎగజిమ్మిన నీళ్ళు నా ముంజేతి మీద మోచేతి దాకా పడ్డాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి దూకారు. మా ఆయన చొక్కా మీద ఒక చుక్క కూడా పడలేదు. ఆయన నా చేతి వైపు చూసి, మొహం పాలిపోయి, అన్న మొదటి మాట: “చూశావా, నీ గొడవతో ఎంత పనైందో.”

షాపావిడే వచ్చి నన్ను లోపలికి తీసుకెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టించింది. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. “నొప్పిగా ఉందా అమ్మా?” అని అడిగింది. నాకప్పుడు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో లెక్క తెలియక.

మా ఆయన లోపలికొచ్చి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాడు. ఆదివారం, ఎవరూ లేరు, బండి అక్కడే వదిలెయ్యండి అన్నాడట. తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కొట్టడు, తాగడు, తల్లంటే ప్రాణం. నా జీవితంలో అందరూ నాకు చెబుతూ వచ్చింది ఇదే, చెడ్డవాడు కాదు కదా అని. నేనూ నాకు అదే చెప్పుకుంటూ వచ్చాను, ప్రతి చిన్న అవమానం తర్వాతా, మాత్ర మింగినట్టు.

ఇంజను చల్లారేదాకా ఆగాను. ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి షాపు మెట్ల మీద కూర్చుని కాపలా కాశాను. చెయ్యి మంటకి తడిగుడ్డ మారుస్తూనే ఉన్నాను. లారీ తీసేశారు, ట్రాఫిక్ కదిలింది, సలహాలిచ్చిన మగవాళ్ళందరూ వెళ్ళిపోయారు. మూత ముట్టుకుంటే చల్లగా తగిలాక మెల్లగా విప్పి, తగ్గిన నీళ్ళు పోశాను. తాళం తిప్పి ఏసీ వేసి ముందుకొచ్చి చూశాను. ఏసీ వేయగానే తిరగాల్సిన ఫ్యాన్ కదలడం లేదు. పుల్లతో తోస్తే రెక్కలు హాయిగా తిరుగుతున్నాయి. అంటే ఎక్కడా బిగుసుకుపోలేదు, కరెంటే అందడం లేదు.

ఇంజను పక్కనే ఒక నల్ల పెట్టె ఉంది. మూత తీస్తే లోపలి వైపు బొమ్మ, ఏది దేనికో రాసి ఉంది. ఫ్యూజ్ బాగానే ఉంది. దాని పక్కన రిలే అనే చిన్న డబ్బా, కరెంటుని ఫ్యాన్‌కి వదిలేది అదే. మా గోడౌన్‌లో కూడా అలాంటిదే పోతే మార్చడం చూశాను. కొత్తది నా దగ్గరెక్కడిది? అచ్చం అలాంటిదే ఇంకోటి వరసలో ఉంది. బొమ్మ చూశాను. హారన్‌ది. రెండూ పీకాను. హారన్‌ది తీసి ఫ్యాన్ స్థానంలో నొక్కాను.

ఫ్యాన్ గుర్రుమని తిరిగింది. దాని గాలి నా మొహానికి కొట్టింది. మురికి గాలి, నూనె వాసన. అయినా అక్కడే నిలబడ్డాను.

మా ఆయన నా వెనకే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఫ్యాన్‌ని చూశాడు, నన్ను చూశాడు. “పనిచేస్తోందే” అన్నాడు.

“హారన్ మాత్రం మోగదు. దానిది తీసి దీనికి పెట్టాను.”

“హారన్ లేకుండా ఈ ఊళ్ళో ఎలా నడపను?”

“నేను నడుపుతాను” అన్నాను.

ఆయన వాళ్ళమ్మని తీసుకురావడానికి వెళ్ళాడు.

ముల్లు మీద ఒక కన్ను, రోడ్డు మీద ఒక కన్ను పెట్టి నడిపాను. ఎవరైనా అడ్డొస్తే ఆగాను. ఒక సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ఊపిరి బిగబట్టి ముల్లు చూశాను. సగానికి కిందే ఉంది. సరిగ్గా అప్పుడే నా ఒంట్లో ఆ ఆవిరి లేచింది, రొమ్ముల కింద మొదలై మెడ మీదుగా. వీపు తడిసింది. కాలని చేతిని ఏసీ గాలి ముందు పెట్టి చూశాను. చల్లగా ఉంది. చెవులు మండుతున్నాయి, వేళ్ళు చల్లగా ఉన్నాయి. అంటే ఇది నాది. అది బండిది. రెండూ వేరు వేరు, రెండూ నిజం. నాకు పిచ్చి లేదు. ఎర్ర లైటు కింద ఒక్కదాన్నే అనుకున్నాను ఆ మాట, పెదవులు కదిలించి. పక్కన మా ఆయన బయటికి చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్యని పడుకోబెట్టి, గది తలుపు తీసి ఉంచి, వంటింట్లోకి వెళ్ళాను. కాలిన చేతికి మందు రాసుకుని, ఆ చెయ్యి గాలిలో ఉంచుకుని, రెండో చేత్తో స్టవ్ వెలిగించాను. ఎందుకు వెలిగించానో నాకే తెలియదు. వేళయింది కాబట్టి.

హాల్లో ఫోన్ మోగింది. బుల్లి. ఆయన స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు.

“అమ్మ బాగుందమ్మా, ఏం కంగారు లేదు. బండే కాస్త ఇబ్బంది పెట్టింది. ఫ్యాన్‌కి కరెంటు అందక ఇంజను వేడెక్కింది. మూత తీసి చూస్తే తెలిసిపోయింది. హారన్‌ది పీకి దానికి పెట్టాం, అంతే, చక్కగా తిరిగింది. మీ వదినే, ఆత్రంగా మధ్యలో చెయ్యి పెట్టి కాల్చుకుంది.”

“అయ్యో. వదిన అంతే అన్నయ్యా, ఊరికే కంగారు పడుతుంది” అంది బుల్లి.

నేను చెంచా పట్టుకుని నిలబడిపోయాను. ఆయన గొంతులో దొంగతనం లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆయన నిజంగా అలా జరిగిందనే అనుకుంటున్నాడు. ఇంకో వారానికి ఇంట్లో అందరికీ అలాగే జరిగి ఉంటుంది. సంవత్సరానికి నాకు కూడా. ఇలా ఎన్ని జరిగాయో. నేను చేసినవి, చూసినవి, ముందే చెప్పినవి ఎన్ని ఈ హాల్లోనే, ఈ ఫోన్‌లోనే మెల్లగా చేతులు మారి, చివరికి నా భాగానికి కంగారు ఒక్కటే మిగిలిందో.

“వదినకోసారి ఇవ్వు” అంది బుల్లి.

ఆయన ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. “ఏం వదినా, చెయ్యి ఎలా ఉంది? అన్నయ్య భలే కనిపెట్టాడే, ఎప్పుడు నేర్చుకున్నాడు ఇవన్నీ?”

అవునమ్మా అనాలి. అక్కడ ఎప్పుడూ నేను అనే మాట అదే. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, ఆ మాట కోసం, ఏ అనుమానమూ లేకుండా. నేను స్టవ్ ఆపేశాను. ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుని హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

“అన్నయ్య కాదు బుల్లీ, నేను కనిపెట్టాను” అన్నాను. “చెప్తాను విను. మొదటి నుంచి చెప్తాను. నీకు పనేం లేదుగా?”

మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. “ఇప్పుడవన్నీ ఎందుకు, వంట కావాలి కదా” అన్నాడు మెల్లగా.

నేను ఆయన వైపు చూసి, మళ్ళీ ఫోన్ వైపు తిరిగి మొదలుపెట్టాను. సిగ్నల్ దగ్గర వచ్చే గాలి గురించి, ఫోర్‌మన్ ఎవరికి ఫోన్ చేశాడో దాని గురించి, ఎవరేమన్నారో, ఎవరు నవ్వారో. అత్తయ్య నవ్విన సంగతి చెప్పాల్సి వచ్చినచోట ఆగాను. ఆమె గది తలుపు తెరిచే ఉంది. మంచం కిర్రుమంది. ఆమె లేచి కూర్చుందని తెలిసింది. ఇప్పుడు కొడుకు తరఫున ఏదో ఒక మాట వస్తుందని ఎదురుచూశాను, ఎప్పుడూ వచ్చేదే.

“అమ్మాయ్” అంది అత్తయ్య లోపల్నించి. “ఆపావేం? కాస్త గట్టిగా చెప్పు. నాకు ఇక్కడికి వినపడటం లేదు.”